మునసబుగారి గుళికలు

షిఫ్టు 2211

తొమ్మిదో వరస గాలి జల్లెడ. దొరికినవి: నూనె జిడ్డు, కుక్క వెంట్రుకలు, పిల్లి వెంట్రుకలు, కరివేపాకు తునకలు, ఆవాల పొట్టు. జల్లెడ పరిస్థితి: బాగుంది. వ్యాఖ్య: మామూలే.

పైన రాసింది ఆఫీసు వాళ్ల కోసం. ఇక్కణ్ణుంచి పేజీ వెనక వైపు, నా కోసం. ముందు వైపు రాసిందే ఆరేళ్లుగా ఎవరూ చదివిన పాపాన పోలేదు, వెనక వైపు ఎవరు తిప్పి చూస్తారు? యంత్రాలు చెప్పే అంకెల మీద నమ్మకం పోయిన ఏడాది, జల్లెడ గీకే వాళ్లు చేత్తో పుస్తకం రాయాలని రూలు పెట్టారు. రూలు పెట్టినవాళ్లు చదవాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

నా పేరు తాయారు. నలభై మూడేళ్లు. చంద్రుడి మీద పుట్టిన మొదటి పిల్లల్లో ఒకదాన్ని. మా వరసలోని నలభై ఇళ్ల ఊపిరి వచ్చి పడే జల్లెడలు గీకడం నా పని. ఇంట్లో నేనూ, మునసబూ. మునసబు నా కుక్క, పద్నాలుగేళ్ల ముసలాడు. చిన్నప్పటి నుంచీ గడప మీద కాళ్లు చాపుకుని కూర్చుని, వచ్చేపోయే వాళ్లందర్నీ ఆపి వాసన చూసి గానీ వదిలేవాడు కాదు. అందుకని ఆ పేరు. వరసలో అందరూ వాణ్ణి మునసబుగారూ అనే పిలుస్తారు. భూమ్మీదైతే ఈ వయసులో మెట్టు ఎక్కలేకపోయేవాడట. ఇక్కడ బరువు తక్కువ కాబట్టి ఇప్పటికీ ఒక్క ఎగురుకి నా మంచం ఎక్కుతాడు.

ఈ రోజు నా తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. "ఈ ఇంట్లో జీవానికి వంట లేదు."

మా వరసలో గిన్నె వేళ అని ఒకటుంది. పొద్దున దీపాలు వెలగ్గానే ప్రతి ఇంటివాళ్లూ తమ జంతువు గిన్నె తెచ్చి గడప ముందు పెడతారు. పొగలు కక్కే అన్నం, పప్పు, కూర. ఇరుగుపొరుగు అటూ ఇటూ తిరుగుతూ గిన్నెల్లోకి తొంగి చూసి, ఎంత ప్రేమగా చూసుకుంటున్నారో అని మెచ్చుకుంటారు. కాసేపయ్యాక ఎవరి గిన్నె వాళ్లు లోపలికి తీసుకుపోయి జంతువులకి పెట్టుకుంటారు. నా గడప ముందు గిన్నెలో మాత్రం బూడిదరంగు గుళికలుంటాయి. వాటికి పొగ రాదు.

మనుషులకి ఇళ్లలో వంట నిషేధం. అందరం క్యాంటీన్ తొట్టిలోంచి పెట్టిందే తింటాం. వారంలో మూడు రోజులు పచ్చ ముద్ద, నాలుగు రోజులు పసుపు ముద్ద. నూనె ఆవిరి జల్లెడలకి పడదని, గాలి అందరిదీ అని ప్రతి గోడ మీదా రాసి పెట్టారు. జంతువున్న ఇంటికి మాత్రం ఒక పొయ్యి, రోజుకి అరగంట. మొదట్లో తెచ్చిన కుక్కలు క్యాంటీన్ తిండి ముట్టక చచ్చిపోయాయట, అందుకు ఈ దయ. గుళికలు తరవాతెప్పుడో వచ్చాయి. పొయ్యిలు మాత్రం ఉండిపోయాయి.

నా పొయ్యి మీద నేను సాక్సులు ఆరేసుకుంటాను. తొమ్మిది గంటలు ఊరందరి జిడ్డు గీకి వచ్చి, మళ్లీ ఇంట్లో జిడ్డు పుట్టించే ఓపిక నాకు లేదు. వంట కూడా రాదు. మునసబుకి నేను వండనని ఈ వరసలో అందరికీ తెలుసు. తెలిసి ఇన్నేళ్లు ఊరుకున్నవాళ్లు ఇప్పుడెందుకు కాగితాలు అంటిస్తున్నారో కనుక్కోవాలి.

ఆవాలు ఏ జంతువు తింటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. నా పని గీకడం.

షిఫ్టు 2213

దొరికినవి: నూనె జిడ్డు, వంకాయ తొక్క పీలిక. జల్లెడ బాగుంది. మామూలే.

వర్ధనమ్మగారు వచ్చారు. ఎదురింటావిడ, జంతు ప్రేమ సంఘానికి ప్రెసిడెంటు. డెబ్బై దాటాయి. కాకినాడలో పుట్టి పాతికేళ్లప్పుడు ఇక్కడికి వచ్చినావిడ. ఇక్కడ పుట్టిన మా అందరికీ తెలుగు ఆవిడ నోట్లోంచే వచ్చిందనుకోవాలి. భర్త పోయి రెండేళ్లైంది. ఇప్పుడు ఆవిడకి ఉన్నది కస్తూరి అనే పిల్లి ఒక్కటే. నిన్న గిన్నె వేళకి కస్తూరి గిన్నెలో గుత్తివంకాయ కూర. వరసంతా ఆగి చూశారు.

"కూచోమని కూడా అనవేంటే తాయారూ?"

"కూచోండి పిన్నిగారూ."

"వాడి మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. ఆ బూడిద గోళీలు నువ్వైతే తింటావా?"

"క్యాంటీన్లో నాకు పెట్టేది ఇంతకన్నా బాగుంటుందా ఏంటండీ?"

"నువ్వు మనిషివి, నోరుంది, అడుక్కుంటావు. వాడు నోరులేని జీవం."

మునసబు సరిగ్గా అప్పుడే భౌ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

"నవ్వుతావేంటి? నీ పొయ్యి ఆరేళ్లలో ఒక్కసారీ వెలగలేదని గాలి ఆఫీసు వాళ్ల లెక్కలో కనబడిందట. వెలగని పొయ్యి ఎందుకు, ఈ కుక్క ఏం తిని బతుకుతోంది అని అడిగారు. మా అందరి పరువూ తీశావు. సంఘం నీకు పది షిఫ్టులు గడువిచ్చింది. ఈలోగా పొయ్యి వెలిగించి వాడికి రోజూ వండిపెట్టడం మొదలుపెట్టావా సరే. లేదంటే వాడు మా ఇంటికొచ్చేస్తాడు. వండిపెట్టే ఇంటికి జంతువుని మార్చే అధికారం సంఘానికుంది."

"మీ కస్తూరి వాణ్ణి బతకనిస్తుందా?"

"ప్రేమ ఉన్న ఇంట్లో అన్నీ సర్దుకుంటాయి."

ఆ మాట దగ్గర నాకు ఒళ్లు మండింది. తలుపు చూపించాను. గట్టిగానే మాట్లాడాను, ఒక్క మాట కూడా తగ్గలేదు.

తలుపేసుకున్నాక మాత్రం మునసబు వెళ్లి తలుపు కింది సందులో ముక్కు పెట్టుకుని పడుకున్నాడు. అవతల ఎవరింట్లోనో పోపు వేగుతోంది. ఆ వాసనకి వాడి ముక్కు ఆగకుండా కదులుతోంది. వాడు వాసన పీలుస్తున్నంతసేపూ నేను వాడికేసి చూడలేకపోయాను. పద్నాలుగేళ్లుగా నా కాళ్ల మీద తల పెట్టి పడుకునే ప్రాణి. ఒక్క రోజు కూడా నేను వాడి కోసం ఒక గరిటె తిప్పలేదు. ఈ మాట ఇదివరకు నాకు నేనుగా అనుకోలేదు.

షిఫ్టు 2215

నూనె జిడ్డు. మామూలే.

మునసబుని తీసుకుని పశువుల డాక్టరు సలీమాగారి దగ్గరికి వెళ్లాను. వాడికి రెండేళ్లుగా కిడ్నీలు బాగా లేవు. ఆవిడే గుళికలు మార్చి ఇచ్చింది.

"వీడికి ఇంట్లో వండి పెట్టచ్చా డాక్టరుగారూ?"

"వద్దు. ఈ గుళికలే, ఇంకేం వద్దు. వీటి మీదే ఇంత హుషారుగా ఉన్నాడు."

"ఆ మాటే ఒక కాగితం మీద రాసివ్వండి. మా సంఘం వాళ్ల మొహాన పడేస్తాను."

సలీమాగారు పెన్ను తీసింది. మూత పెట్టేసింది. మునసబు చెవులు నిమిరింది.

"నోటితో ఎన్నిసార్లైనా చెప్తాను తాయారుగారూ. రాసివ్వలేను."

"ఎందుకని?"

"మా ఇంట్లో కూడా కుక్క ఉంది. మా ఇంట్లో కూడా పొయ్యి ఉంది." నన్ను చూడకుండా చెయ్యి కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

ఇదేం డాక్టరో నాకర్థం కాలేదు. తిట్టుకుంటూ వచ్చాను.

దారిలో అందరి గిన్నెలూ చూస్తూ వచ్చాను. పదో నంబరు వాళ్ల కుందేలుకి చింతపండు పులిహోర. పదిహేడో నంబరు వాళ్ల చిలకకి మిరపకాయ బజ్జీ. ఇరవై రెండో నంబరు ముసలి కుక్కకి, మునసబు ఈడుదే, ముద్దపప్పు. అది తిని బతుకుతోంది కదా. అంతమంది తప్పు, నేనొక్కదాన్నే ఒప్పు అవుతానా? డాక్టరు వద్దన్న సంగతి తెలుసు. తెలిసీ ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నాను. నా మనసు కుదుటపడ్డానికి వాడి కడుపు అడ్డం పెట్టాను. అలా రాస్తేనే సరిగ్గా ఉంటుంది.

షిఫ్టు 2216

జల్లెడ బాగుంది. మామూలే.

సిగ్గు విడిచి వర్ధనమ్మగారి తలుపు కొట్టాను. కుక్కకి ఏం వండాలో చెప్పమన్నాను. ఆవిడ మొహం విప్పారిపోయింది. నన్ను కూర్చోబెట్టి, చేతులు తిప్పుతూ, కళ్లు సగం మూసుకుని చెప్పింది.

"కందిపప్పు ముందు కమ్మగా వేయించుకోవాలి. ఉడికాక మెదిపి, ఉప్పు వేసి, పక్కన పెట్టు. మూకుట్లో నూనె కాగాక ఆవాలు, మినప్పప్పు, రెండు ఎండుమిర్చి. చిటపటమన్నాక నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి వెయ్యి. ఎర్రగా అవ్వాలి, మాడకూడదు. చివర్లో చిటికెడు ఇంగువ. అన్నంలో వేడివేడిగా కలిపి పెట్టావంటే ఇంక చూసుకో."

"కారం తగ్గించాలా?"

"ఆ, ఎండుమిర్చి ఒకటి తగ్గించుకో," అంది, పెద్ద మనసు చేసుకున్నట్టు.

దినుసులు కూడా ఆవిడే ఇచ్చింది. ఇంగువ డబ్బా మీద "జంతువుల అజీర్తికి" అని చీటీ ఉంది. ఎండుమిరపకాయల మీద "చిలకలకి మాత్రమే". వరసంతటికీ చిలక ఉన్నది ఒక్కటి.

సాక్సులు తీసి పొయ్యి వెలిగించాను. ఆవాలు నూనెలో వేశాను. భూమ్మీద ఆవాలు చిటపటలాడి పక్కకి పడతాయట. ఇక్కడ తిన్నగా పైకప్పుకి వెళ్లి అంటుకుంటాయి. ఎప్పుడూ తెల్లగా ఉండే నా పైకప్పు నిమిషంలో నల్ల చుక్కలైపోయింది. మినప్పప్పు మాడింది. వెల్లుల్లి మాత్రం ఎర్రగా వేగింది. ఇల్లంతా ఆ వాసన నిండేసరికి నాకే నోరూరింది. మునసబు ముందు కాళ్లెత్తి నా మోకాళ్ల మీద పెట్టి నిలబడ్డాడు. చిన్నప్పుడు అలా నిలబడేవాడు.

గిన్నె నాకి నాకి అద్దంలా చేశాడు. తోక ఆడించి ఆడించి ఆ ఊపుకే గాల్లోకి లేచాడు. నేను నేల మీద కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

షిఫ్టు 2218

రెండు షిఫ్టుల పుస్తకం ఒకేసారి రాస్తున్నాను. జల్లెడకేం, బాగానే ఉంది. నేనే బాగా లేను.

మునసబు ఆ పూట తిన్నదంతా కక్కాడు. తరవాత నీళ్లు కూడా కక్కాడు. ఒకటిన్నర రోజు ఒంటికి పోలేదు. చిగుళ్లు పాలిపోయాయి. చేతుల్లో ఎత్తుకుని పరిగెత్తాను. వాడు మూలగలేదు, అదే భరించలేకపోయాను. నన్ను నమ్మి ఊరుకున్నాడు.

సలీమాగారు సెలైను పెడుతూ అడిగింది. "ఏం పెట్టారు?"

చెప్పాను. వెల్లుల్లి దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"కుక్కకి వెల్లుల్లి విషం! అందులోనూ ఈ కిడ్నీలకి ఆ ఉప్పు! ఎవరు చెప్పారు మీకు?"

"వర్ధనమ్మగారు. కస్తూరికి అలాగే వండుతుందిగా."

"ఆవిడ కస్తూరికి వండదండీ! ఎవరూ వండరు. వరసలో ప్రతి జంతువూ గుళికలే తింటోంది, మంచం చాటున. నేనే ఇస్తున్నాను. గిన్నె లోపలికి వెళ్లాక ఎవరు తింటారనుకున్నారు?"

అప్పుడు తలకెక్కింది. ఆరేళ్లుగా గోళ్లతో గీకిన ఆవాలు, కరివేపాకు, వంకాయ తొక్క. చంద్రుడి మీద ఇంత కమ్మటి వాసన రోజూ నా చేతులకంటుకుంటే, ఇదంతా పిల్లులు తింటున్నాయని నమ్మిన దాన్ని నేనొక్కదాన్నే. నా అంత తెలివితక్కువది ఈ గోళం మీద ఇంకోటి ఉండదు.

వాడు బతికాడు. ఈ రోజు పొద్దున లేచి నాలుగు గుళికలు తిన్నాడు. ఒక్కో గుళికా కరకరమన్నప్పుడల్లా నా ప్రాణం లేచి వచ్చింది.

షిఫ్టు 2219

మామూలే.

వర్ధనమ్మగారి ఇంట్లోకి తలుపు కొట్టకుండా వెళ్లాను. ఆవిడ కస్తూరి గిన్నె ఒళ్లో పెట్టుకుని పప్పన్నం తింటోంది. ముద్ద చేతిలో ఉంది. కస్తూరి మంచం కింద గుళికలు నములుతోంది. పైకప్పు కేసి చూశాను. రెండు చేతుల వెడల్పున, పొయ్యికి సరిగ్గా పైన, నల్లగా పేరుకుపోయిన ఆవాలు.

"మీరు చెప్పింది పెట్టి నా కుక్కని చంపబోయాను."

ఆవిడ ముద్ద గిన్నెలో వదిలేసింది. "ఏమైందే? ఎలా ఉన్నాడే?" అని లేచింది. ఆ కంగారు దొంగ కంగారు కాదు. ఆవిడకి నిజంగానే తట్టలేదు. ఇన్నాళ్లూ పిల్లి పేరు చెప్పి మనిషికి వండిన మనిషి, ఈ కూర పిల్లి తినగలదా అని ఒక్కసారీ ఆలోచించలేదు. కుక్కకేం వండాలి అని అడిగితే తనకేం ఇష్టమో అదే చెప్పింది.

"ప్రేమ ఉన్న ఇల్లు అన్నారు పిన్నిగారూ. నన్ను వీధిలో తలెత్తుకోనివ్వలేదు. వాడి మొహం చూస్తే నాకు సిగ్గేసేలా చేశారు."

"కూచో తాయారూ."

"కూచోను."

"మీ బాబాయికి చివర్లో క్యాంటీన్ ముద్ద గొంతు దిగేది కాదు. చారు చేసి పెట్టేదాన్ని. కస్తూరి పేరు మీద. నాలుగు నెలలు ఆయన నా చేతి చారు మీదే బతికారు. ఆయన పోయాక మానేద్దామనుకున్నాను. మానేస్తే ఈ చేతులు ఏం చేసుకోను? ఒక్కో ఇంటిదీ ఒక్కో కథ. నీకు ఏ కథా లేదు, నీకు వంటే రాదు. వంట లేకుండా నీ కుక్క పద్నాలుగేళ్లు బతికిందని ఆఫీసు వాళ్లు రాసుకున్నారంటే, ఇంక జంతువులకి పొయ్యి దేనికి అంటారు. నలభై పొయ్యిలూ పీకేస్తారు."

"అందుకని నా కుక్కని తీసుకుపోతారా?"

ఆవిడ కళ్లు తుడుచుకుంది. "నీ కుక్క ఒక్కటి. మా పొయ్యిలు నలభై."

నాకు జాలేసింది. జాలి వేసినంత మాత్రాన కుక్కని ఇచ్చేస్తానా? ఆ మాటే చెప్పి వచ్చేశాను.

షిఫ్టు 2222

మామూలే అని రాయడానికి ఈ రోజు చెయ్యి ఆగింది.

రేపు గాలి ఆఫీసు నుంచి ఇనస్పెక్టరు వస్తున్నాడు. గడువు రేపటితో సరి, ఒక్క పూట వంట లెక్కలోకి రాదని సంఘం ఫిర్యాదు పంపింది. జల్లెడ పుస్తకం కూడా చూస్తాడట. ఆరేళ్లలో మొదటిసారి.

పేజీ ముందు వైపు ఒక్క వాక్యం రాస్తే చాలు. "ఈ వరసలో మనుషులు వండుకుని తింటున్నారు." మునసబు నాకు దక్కుతాడు. వర్ధనమ్మగారి చేతులకి పనుండదు. రాయకపోతే వాడు రేపు ఎదురింటికి వెళ్తాడు. ఆవిడ వాడిని చంపదు, గుళికలే పెడుతుంది, మంచం చాటున. కానీ వాడు ఆ గడప మీద కూర్చుని నా తలుపుకేసి చూస్తాడు. నాకు అది చాలు చావడానికి.

పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాకు కోపం వర్ధనమ్మగారి మీదనుకున్నాను. కాదు. ఒక ముసలావిడ తన ఇంట్లో ఇంత చారు కాచుకోవడానికి పిల్లిని అడ్డం పెట్టుకోవాల్సిన రూలు మీద. ఆకలేస్తే నాకు ఆకలి అని చెప్పుకోలేక, జంతువు పేరు చెప్పి, ఆ అబద్ధాన్ని ప్రేమ అని అందరూ ఒకరికొకరు మెచ్చుకుని, చివరికి ఆ ప్రేమ లేదని నన్ను నిలబెట్టి అడుగుతారా?

వాళ్ల గురించి నేను రాయను. నా గురించి నేను చూసుకుంటాను.

షిఫ్టు 2223

ఇనస్పెక్టరు పేరు నిరంజన్. ముప్పై ఐదేళ్లుంటాయి, ఆఫీసు క్వార్టర్స్‌లో పెరిగిన మనిషి, ఇంట్లో జంతువు లేదు. వరసంతా వాళ్ల వాళ్ల గడపల్లో నిలబడ్డారు. అతను నా ఇంట్లోకి వచ్చి ముందు పొయ్యి చూశాడు, తరవాత దాని మీద సాక్సులు చూశాడు.

"తాయారుగారూ, మీ కుక్కకి మీరు వండరని ఫిర్యాదు. నిజమేనా?"

"నిజమే. ఒకే ఒకసారి వండాను. చచ్చి బతికాడు. ఇంక జన్మలో వండను."

"మీకు దాని మీద ప్రేమ లేదా?"

"ఇనస్పెక్టరుగారూ, నా అరగంట ఇంకా అలాగే ఉంది. కాస్త కూర్చోండి."

సాక్సులు తీసేశాను. పప్పు పెట్టాను. మొన్న మాడింది కాబట్టి ఈసారి మినప్పప్పు దగ్గర జాగ్రత్తపడ్డాను. ఆవాలు వెళ్లి పైకప్పుకి అంటుకున్నాయి. నిరంజన్‌గారు తలెత్తి చూశాడు. వెల్లుల్లి వేశాను, ఇంగువ వేశాను. ఆ వాసనకి గడపల్లో ఉన్న జనం అడుగు ముందుకేశారు.

మునసబు గిన్నెలో గుళికలు పోసి వాడి ముందు పెట్టాను. కరకరమని మొదలుపెట్టాడు. అన్నంలో పప్పు కలుపుకుని, గడపలో అందరికీ కనబడేలా కూర్చుని, నేను తిన్నాను. చేత్తో. నలభై మూడేళ్లు బతికి, ఇది తినకుండా ఎలా బతికానో నాకు తెలీదు.

"అది జంతువుల పొయ్యి!" అన్నాడతను. "మనుషుల వంట నేరం."

"రాసుకోండి. తాయారు, పదకొండో నంబరు ఇల్లు. ఆకలేసింది, వండుకుంది, తింది. కుక్క పేరు చెప్పలేదు."

"మీ పొయ్యి తీసేస్తారు."

"తీసెయ్యండి. సాక్సులు వేరేచోట ఆరేసుకుంటాను."

"కుక్కని కూడా వండిపెట్టే ఇంటికి..." అంటూ అతను వెనక్కి తిరిగాడు. "వర్ధనమ్మగారెవరు? కుక్కని మీరు తీసుకుంటున్నారు కదా?"

వర్ధనమ్మగారు తన గడపలో లేరు. లోపలికి వెళ్లారు. ఒక్క క్షణం ఆవిడ తలుపేసుకుందనుకున్నాను. కస్తూరి గిన్నె పట్టుకుని బయటికొచ్చింది. చారన్నం. నేల మీద నెమ్మదిగా, మోకాళ్లు పట్టుకుని, నా పక్కన కూర్చుంది.

"నేను తీసుకోను నాయనా. ఆ పిల్ల దగ్గరే ఉండాలి వాడు. నా పిల్లికి కూడా గుళికలే పెడతాను. ఈ గిన్నె నాది. రాసుకో. వర్ధనమ్మ, పన్నెండో నంబరు."

చారన్నం కలుపుకుని తింది. ఒక్క మెతుకు కూడా ఒలకలేదు. తరవాత పదో నంబరు వాళ్లు పులిహోర గిన్నెతో వచ్చారు. పదిహేడో నంబరాయన బజ్జీ తెచ్చుకుని నిలబడే కొరికాడు. సలీమాగారు అవతలి వరస నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, నేనడిగిన కాగితం సంతకం పెట్టి ఇనస్పెక్టరు చేతిలో పెట్టింది. మునసబుకి గుళికలే మంచివని, అలాగే ప్రతి జంతువుకీ అవే చాలని. నిరంజన్‌గారు పన్నెండు పేర్లు రాసి పెన్ను ఆపేశాడు.

"మీకర్థమవుతోందా? ఇంతమంది వండితే రూలు ప్రకారం వరస మొత్తం పొయ్యిలు పీకాలి. ఇది రుచి గొడవ కాదు, గాలి గొడవ. జల్లెడలు తట్టుకోవు."

అప్పుడు నాకు వెలిగింది. చెయ్యి కూడా కడుక్కోకుండా పుస్తకం తెచ్చి అతని ముందు పడేశాను.

"చదవండి. ముందు వైపే చదవండి. ఆరేళ్లు. రెండు వేల పై చిలుకు షిఫ్టులు. ముప్పై తొమ్మిది ఇళ్లలో ఈ ఆరేళ్లూ మనుషులే వండుకున్నారు, మనుషులే తిన్నారు. ఏ రోజైనా జల్లెడ ఆగిందా? ఏ రోజైనా గాలి తగ్గిందా? జిడ్డు గీకింది ఈ చేతులు. బాగుంది అని రాసింది ఈ చేతులు. తట్టుకోవు అని రాసినాయన ఎప్పుడైనా ఒక జల్లెడ గీకాడా?"

అతను నిజంగానే చదివాడు. పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. మామూలే, మామూలే, మామూలే. బద్ధకానికి రాసిన మాట అది. ఇంత బరువుంటుందని రాసేటప్పుడు నాకు తెలీదు.

"వెనక వైపు ఏదో రాసి ఉందే?"

"అది నాది. తిప్పకండి."

తిప్పలేదు. అందుకు అతని మీద కాస్త గౌరవం కలిగింది.

షిఫ్టు 2224

నిరంజన్‌గారు ముందు పేజీలన్నిటికీ నకళ్లు తీసుకెళ్లాడు. పై ఆఫీసు ఏం తేలుస్తుందో తెలీదు. పీకేస్తే మళ్లీ గడపలో కూర్చుంటాం, ఈసారి గిన్నెలు పట్టుకుని ఆ ఆఫీసు గడపలోనే. వర్ధనమ్మగారు ఇప్పటికే పేర్లు రాయిస్తోంది. జంతు ప్రేమ సంఘంలో మొదటి రెండు మాటలూ కొట్టేయించి, ఉత్త సంఘం అని పెట్టింది.

అతను కళ్లారా చూసిన వంట నాది ఒక్కటే కాబట్టి నా పొయ్యికి ఒక్కదానికే సీలు వేసి వెళ్లాడు. ఆ సీలు మీదే సాక్సులు ఆరేశాను.

పొద్దున గిన్నె వేళకి నలభై గడపల ముందూ నలభై గిన్నెలు. అన్నిట్లోనూ బూడిదరంగు గుళికలే. పిల్లులు, కుక్కలు, కుందేలు, చిలక, అన్నీ గడపల్లోనే కూర్చుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా కరకరలాడించాయి. మునసబు తన వాటా ముగించి, ఎదురింటికి ఒక్క గెంతు గెంతి, కస్తూరి గిన్నె వాసన చూసి, చీవాట్లు తిని వచ్చాడు. వర్ధనమ్మగారు నా చేతిలో వేడి వేడి పళ్లెం పెట్టింది. గుత్తివంకాయ. ఇది నీకే అంది, నా పేరు పెట్టి.

ఈ రోజు పుస్తకం నిండుగా రాస్తున్నాను. ముందు వైపే.

తొమ్మిదో వరస గాలి జల్లెడ. దొరికినవి: నూనె జిడ్డు, కరివేపాకు, ఆవాల పొట్టు, వెల్లుల్లి పొట్టు, ఇంగువ. ఎక్కడి నుంచి: ముప్పై తొమ్మిది ఇళ్లు, ఒకటి సీలు వేసి ఉంది. వండింది ఎవరి కోసం: మనుషుల కోసం. మునసబు తిన్నది: గుళికలు. జల్లెడ పరిస్థితి: బాగుంది. మునసబు పరిస్థితి: బాగుంది. వ్యాఖ్య: మామూలే.